మార్గశిరం వచ్చింది, కత్తి తీయండి

మార్గశిరం వస్తోందంటే అందరికీ ముగ్గులూ, గొబ్బెమ్మలూ గుర్తొస్తాయి. మా ఇంట్లో మాత్రం కత్తి గుర్తొస్తుంది. కంగారు పడకండి. నేను చెబుతున్నది పెరట్లో కొమ్మలు కొట్టే కత్తి సంగతి.

ఆ "కొట్టడం" అనే మాట మా అత్తగారికి గిట్టదు. "కొట్టడానికి అవేం నేరం చేశాయమ్మా?" అంటారు. ఆవిడ దృష్టిలో అది కొమ్మలు దిద్దడం. ఆడపిల్లకి తలంటి, చిక్కు తీసి, జడ వెయ్యడం లాంటిదన్నమాట. జడ వెయ్యనంత మాత్రాన పిల్ల పెరగదా అంటే, పెరుగుతుంది. కాని తల్లో పేలు పడతాయి. అదీ ఆవిడ సిద్ధాంతం. కొమ్మల మధ్యకి గాలీ వెలుతురూ వెళ్ళకపోతే చెట్టుకి చీడా తెగులూ పడతాయని వ్యవసాయ కాలేజీలో చెప్పే పాఠం కూడా, పేల ప్రసక్తి తీసేస్తే, అచ్చంగా ఇదే.

మాది రాజమండ్రిలో ఒక పాత వీధి. మూడు వందల గజాల స్థలంలో సగం పెంకుటిల్లు, సగం పెరడు. ఆ సగంలోనే ఒక మామిడి, ఒక జామ, ఒక మునగ, ఒక నిమ్మ, రెండు కొబ్బరిచెట్లు, నూతి పక్కన కరివేపాకు, గోడవారగా నాలుగు గుండుమల్లె పొదలు. కడియం నర్సరీలు మాకు దగ్గర. అంచేత ఈ వూళ్ళో మొక్క కొనడం చీర కొనడం కంటే తేలిక. తేడా ఏమిటంటే, కొన్న చీర కొన్నట్టే వుంటుంది. మొక్క పెరుగుతుంది. పెరిగి గోడ దాటుతుంది, పెంకులెక్కుతుంది, పక్కింటివారి అప్పడాల మీద నీడ పరుస్తుంది. అప్పుడు మొదలవుతాయి తగువులు.

చెట్లకి చలికాలంలోనే కత్తిరింపులు చెయ్యాలని ఎక్కడ చూసినా రాసి వుంటుంది. మా అమ్మాయి అమెరికాలో, మిచిగన్‌లో వుంటోంది. వాళ్ళ దొడ్లో ఒక యాపిల్ చెట్టుంది. ఫిబ్రవరి నెలాఖరుకి, మంచు ఇంకా పూర్తిగా కరక్క ముందే, భార్యాభర్తలిద్దరూ కోట్లు తొడుక్కుని దానికి కొమ్మలు కత్తిరిస్తారు. అక్కడి చెట్లు ఆకులన్నీ రాల్చేసి, చీపురుకట్టలు తిరగేసి పాతినట్టు నిలబడి నిద్రపోతుంటాయి. మళ్ళీ మొగ్గ కదిలేలోపల, ఏ కొమ్మ ఎటు పోయిందో స్పష్టంగా కనిపిస్తున్నప్పుడే ఆ పని కానిస్తారు. చంటిపిల్లలకి నిద్రలో గోళ్ళు తీస్తామే, అలాగ.

అమ్మాయి ఆ ముచ్చటంతా వీడియో తీసి వాళ్ళ నాన్నకి పంపింది. మావారు దాన్ని మూడుసార్లు చూసి, ఆ ఏడు డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున్నే రంపం పట్టుకుని మామిడిచెట్టు కిందికి నడిచారు. అత్తగారు పూజ మధ్యలో లేచి వచ్చి అడ్డంగా నిలబడ్డారు.

"ఒరేయ్, కడుపుతో వున్నదాని జోలికి వెళ్ళకు."

నిజమే మరి. మన మామిడికి చలికాలం నిద్రపోయే కాలం కాదు. ఆకు రాల్చకుండా, పైకి ఏమీ తెలియనివ్వకుండా, ముదిరిన రెమ్మల చివర్న పూత దాచుకుని వుంటుంది. మనకి చలి కాస్త గట్టిగా పట్టినప్పుడే దానికి లోపల్నుంచి పూత తోసుకొస్తుంది. డిసెంబరులో ఆ రెమ్మల చివర్లు కత్తిరించామంటే వచ్చే వేసవి ఆవకాయనే కత్తిరించినట్టు. మామిడికి దిద్దుబాట్లన్నీ కాయ దిగాకే, తొలకరి పడ్డాకే. మంచు దేశపు యాపిల్ పద్ధతి మన పెరటి మామిడికి అతకదు. పొరుగింటి కోడలి కొలతలతో మనింటి కోడలికి రవికె కుట్టించినట్టు వుంటుంది.

అంచేత నేను చెప్పొచ్చేదేమిటంటే, పెరట్లోకి కత్తితో వెళ్ళేముందు ఏ చెట్టు ఏ పనిలో వుందో చూసుకోవాలి. ఒక్కొక్కదానిదీ ఒక్కో పంచాంగం.

మునగకి కార్తీకంలోనే, పూత రాకముందే తల దించాలి. "మునగచెట్టు ఎక్కిస్తున్నారు" అని మనవాళ్ళు వూరికే అనలేదు. ఆ కొమ్మకి బలం లేదు. పొగడ్తకి పొంగిపోయి పైకి పోతుంది, చిన్న గాలికి ఫెళ్ళున విరుగుతుంది. ఏటా పై కొమ్మలు తీసేస్తే కింద గుబురుగా వేసి, ములక్కాడలు దోటీకి అందుతాయి. పైగా వానాకాలమంతా కాపురం వున్న గొంగళిపురుగుల సంతతి కూడా కొంత ఖాళీ అవుతుంది.

మల్లె సంగతి వేరు. మార్గశిరం రాగానే దానికి నీళ్ళు తగ్గించేస్తాం. ఆకులు కాస్త వడలాక, సంక్రాంతి లోపల, ఎండుపుల్లలూ ముసలి కొమ్మలూ తీసేసి, నేల నుంచి మూరెడు ఎత్తు వుంచి మిగతాదంతా కత్తిరిస్తాం. మిగిలిన ఆకులు కూడా దూసేస్తాం. తిరుపతిలో గుండు చేయించుకొచ్చిన పిల్లలా వుంటుంది పాపం. తర్వాత పాదు తవ్వి, పశువుల ఎరువు వేసి, తనివితీరా నీళ్ళు పోస్తే కొత్త చిగుళ్ళు వస్తాయి. మల్లె పూసేది ఆ కొత్త చిగురు మీదే. మూరెడు ఎత్తుకి కత్తిరించిన పొద వేసవికల్లా మూరలకి మూరలు పూస్తుంది.

జామకీ పువ్వు కొత్త రెమ్మ మీదే. అందుకని చలికాలపు కాయలు దిగిపోగానే, లోపలివైపు పెరిగే కొమ్మలూ, ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మలూ, కాయా పువ్వూ లేకుండా నిలువునా ఆకాశానికి పోయే దొంగ కొమ్మలూ తీసేస్తాం. నిమ్మకి ఎండుపుల్లలు తప్ప ఇంకేమీ ముట్టుకోం. ముట్టుకుంటే అదే మనల్ని ముట్టుకుంటుంది, ముళ్ళతో. కరివేపాకుకి చలి పడదు. ఆ రోజుల్లో దానికీ మా అత్తగారిలాగే కీళ్ళు పట్టేస్తాయి. అంచేత రథసప్తమి దాటి ఎండ కాస్త వెచ్చబడ్డాక కొమ్మలు తుంచుతాం. తుంచినచోట రెండు పక్కల నుంచీ కొత్త రెమ్మలు వేస్తుంది. రెబ్బ రెబ్బా గిల్లుకుంటూ కూచుంటే చెట్టు పొడుగు సాగిపోయి, పులుసులోకి నాలుగాకులు కావాలంటే నిచ్చెన వెయ్యాల్సొస్తుంది.

ఇక కొబ్బరి. కాయలు దింపే మనిషి పనిలో పనిగా పచ్చమట్టలు కూడా నరికి, చెట్టుకి నున్నగా క్షవరం చేసి దిగుతాడు. చూడ్డానికి శుభ్రంగానే వుంటుంది. కాని కొబ్బరిచెట్టుకి నెలకి ఇంచుమించు ఒక మట్టే వస్తుంది. ప్రతి మట్ట చంకలోనూ ఒక గెల వుంటుంది. పచ్చమట్ట నరికితే ఆ గెలకి ఆసరా పోయినట్టే, చెట్టుకి తిండీ తగ్గినట్టే. ఎండి వేలాడేవి తప్ప పచ్చవి నరకనివ్వకండి.

పెరటి పంచాంగం అయింది కదా, ఇక కోత సంగతి. మా వీధిలోకి ఈ నెలల్లో సైకిలు మీద ఒక మనిషి వస్తాడు. వెనక గొడ్డలీ, తాడూ. "చెట్లు కొడతామమ్మా" అని కేక వేస్తాడు. అతనికి తెలిసిన పద్ధతి ఒక్కటే, మొండి చెయ్యడం. ఏ చెట్టైనా అరగంటలో కరెంటు స్తంభంలా తయారవుతుంది. పైగా కూలి డబ్బులు పుచ్చుకుంటూ "ఇంక రెండేళ్ళు చూసుకోనక్కర్లేదమ్మా" అంటాడు. నిజానికి అలా మొండి చేసిన చెట్టు బెంగ పెట్టుకున్నట్టు ఒకేచోట నుంచి గుంపులు గుంపులుగా పిలకలు వేస్తుంది. అవి పైపైన అతుక్కున్న బలహీనపు కొమ్మలు. మరుసటి గాలివానకి అవే ముందు పడతాయి. ఒక ఏడాదిలో చెట్టుకున్న పచ్చదనంలో నాలుగోవంతు కంటే తీయకూడదని మా ఇంటి లెక్క.

లావుపాటి కొమ్మ తీయడానికి ఓ వరస వుంది. ఇది మీ ఇంట్లో మగవాళ్ళకి వినిపించేలా చదవండి. బరువైన కొమ్మని పైనుంచి ఒక్క పెట్టున కోస్తే, సగం తెగేసరికి ఆ బరువుకి విరిగి, మాను బెరడుని కూడా చీల్చుకుంటూ పడుతుంది. పాత పట్టుచీర మేకుకి పట్టుకుని బర్రున చిరిగినట్టు. అందుకని ముందు మానుకి జానెడు ఇవతల, కొమ్మ అడుగు వైపు నుంచి రంపంతో కొద్దిగా కోత పెట్టాలి. దానికి నాలుగు వేళ్ళు అవతల పైనుంచి కోయాలి. కొమ్మ పడిపోతుంది, బెరడు చీలదు. చివర్న మిగిలిన మొండిని తీసేయాలి. అది కూడా మానుకి అంటకోసెయ్యకూడదు. కొమ్మ మానులోంచి బయటికొచ్చేచోట మణికట్టు మీద కడియంలా ఒక వుబ్బు వుంటుంది. ఆ కడియాన్ని చెట్టుకే వుంచి, దాని ఇవతల కోయాలి. చెట్టు ఆ గాయాన్ని మూసుకునేది దాంతోనే.

కోసినచోట అత్తగారి రోజుల్లో పేడ మెత్తేవారు. మేం ఇప్పుడు బోర్డో ముద్ద రాస్తున్నాం. వంద గ్రాముల మైలుతుత్తం అరలీటరు నీళ్ళలో, వంద గ్రాముల సున్నం మరో అరలీటరులో విడివిడిగా కలిపి, రెండూ ప్లాస్టిక్ బక్కెట్లో కలపడమే. ఇనప గిన్నె పనికిరాదు. చాకు ముంచి చూస్తే ఎర్రగా పూత పడిందా, ఇంకాస్త సున్నం కలపాలి. ఆ రోజు కలిపింది ఆ రోజే వాడెయ్యాలి. మైలుతుత్తం విషం సుమండీ, పిల్లలకి అందనివ్వకండి. దీని వెనక ఓ సరదా కథ వుంది. ఫ్రాన్సులో బోర్డో ప్రాంతపు రైతులు, దారినపోయేవాళ్ళు ద్రాక్షపళ్ళు కోసుకు తినకుండా, రోడ్డు పక్క తీగలకి మాత్రం ఈ నీలపు నీళ్ళు చల్లేవారట. తెగులు వచ్చి మిగతా తోటంతా పోతుంటే రోడ్డు పక్క తీగలు పచ్చగా వుండటం 1882లో మిలార్డే అనే వృక్షశాస్త్రవేత్త కంటబడింది. మూడేళ్ళు పరిశోధించి 1885లో ఆయన ఆ మందు సంగతి లోకానికి చెప్పాడు. దొంగల కోసం పెట్టిన తాళం రోగానికి మందయింది.

అన్నట్టు, చెట్టు గాయం మానదట. నాకూ ఈ సంగతి కొత్తగానే తెలిసింది. అమెరికా అటవీశాఖలో పనిచేసిన ఆలెక్స్ షైగో అనే ఆయన ఎన్నో చెట్లని నిలువునా కోసి చూసి, 1977లో ఆ విషయం రాశాడు. మన చర్మం తెగితే అక్కడ కొత్త చర్మం వచ్చి మానుతుంది. చెట్టుకి ఆ అదృష్టం లేదు. అది గాయం చుట్టూ లోపల గోడలు కట్టి, కుళ్ళు దాటి రాకుండా ఆపి, పైనుంచి కొత్త చెక్క పెంచుకుంటూ పోతుంది. పాత గాయం లోపల అలాగే వుంటుంది, చెట్టు వున్నన్నాళ్ళూ.

ఇది చదివి అత్తగారికి చెప్పాను. ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విని, "దీనికోసం అన్ని చెట్లు కోసి చూడాలా? ఏ ముసలిదాన్ని అడిగినా చెప్పేదిగా" అన్నారు.

ఆ మాట అన్నది పోయినేడు కార్తీకంలో. అప్పుడే మా ఇంట్లో ఇంకో మాట కూడా నడుస్తోంది.

మా మరిది హైదరాబాదు నుంచి వచ్చాడు. అన్నదమ్ములిద్దరూ రాత్రి భోజనాలయ్యాక వరండాలో కూచుని నెమ్మదిగా మాట్లాడుకుంటున్నారు. ఎవరో బిల్డరు మా స్థలం అడుగుతున్నాడట. పాత ఇల్లు తీసేసి అయిదంతస్తులు కడతాడు. అన్నదమ్ములకి చెరో రెండు ఫ్లాట్లూ, పైన కొంత డబ్బూ. సంతకం అత్తగారు పెట్టాలి, ఇల్లు ఆవిడ పేరు మీదే వుంది. కాని ఆవిణ్ణి అడిగినవాళ్ళు లేరు. వంటింట్లో కూచుని అన్నీ విన్నారావిడ. వినబడదని మావాళ్ళ నమ్మకం.

నా సంగతి కూడా చెప్పాలి కదా. ఆ మాటలు వింటుంటే నాకేమీ గుండె ఆగిపోలేదు. ఏటా పెంకులు నేయించడం, వానాకాలం నాలుగుచోట్ల గిన్నెలు పెట్టడం, పెరడంతా వూడవడం ఇవన్నీ నా నడుముకి తెలుసు. ఫ్లాటైతే తలుపు వేసుకుని తాళం పెట్టుకుని అమ్మాయి దగ్గరికి ఆర్నెల్లు వెళ్ళి రావచ్చు. అలాగని అవుననడానికీ నోరు రాలేదు. పళ్ళెంలో పెట్టినదాన్ని తిననూలేక, తోసెయ్యనూలేక కూచున్నట్టుంది నా పరిస్థితి.

మర్నాడు పొద్దున్న అత్తగారు కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, "అమ్మాయ్, కత్తి ఎక్కడుందో చూడు. మునగకి వేళయింది" అన్నారు.

మావారు పేపరులోంచి తలెత్తి, "ఈ ఏడు ఎందుకమ్మా ఆ శ్రమంతా? ఎలాగూ..." అని ఆగిపోయారు.

"ఎలాగూ?" అన్నారావిడ.

ఆయన మాట్లాడలేదు. మరిది బూట్ల లేసు కట్టుకోవడంలో మునిగిపోయాడు.

"ఎలాగూ పోయేదాన్నే కదా అని నేను రోజూ తల దువ్వుకోవడం మానేశానట్రా?"

అంతే. కోపంగా అనలేదు. కొబ్బరినూనె సీసా మూత పెట్టినంత మామూలుగా అన్నారు. ఆ తర్వాత ఫ్లాట్ల మాట ఆవిడా ఎత్తలేదు, వాళ్ళూ ఎత్తలేదు. కత్తి మాత్రం వచ్చింది.

ఆ ఏడు కత్తిరింపులు నాకు బాగా గుర్తు. ఆవిడకి ఎనభై ఒకటి. జామకర్ర వూతంగా పెట్టుకుని నిలబడి (ఆ కర్రా మా చెట్టుదే, ఓ ఏడు తీసిన కొమ్మ) ఒక్కొక్క కొమ్మా చూపిస్తున్నారు. మావారు నిచ్చెన మీద. నేను తాడు పట్టుకుని కింద. మునగ అయింది. మార్గశిరంలో మల్లెలయ్యాయి. పుష్యమాసం రాకుండానే కాయ దిగిపోతే జామ మొదలుపెట్టాం. జామలో పడమటి కొమ్మ వుంది, పక్కింటివారి మేడ మీదికి పోయింది. కాపంతా దాని మీదే. దాన్ని ఆవిడ ఏనాడూ తాకనివ్వలేదు. ఆ రోజు కర్ర ఎత్తి దాన్నే చూపించారు. "వాళ్ళావిడ సోలారు పలకలు పెట్టించుకుంది. నీడ పడుతోందని ఏడాదిగా మొహమాటపడుతోంది. తీసెయ్" అన్నారు. మావారు గూళ్ళేవైనా వున్నాయేమోనని చూసుకుని, కింద నుంచి మొదటి కోత పెట్టారు.

కొమ్మలు తీయడం అయ్యాక అసలు పని మొదలైంది. మామూలుగా అయితే మునగ కొమ్మలు ఈడ్చుకెళ్ళి వీధి చివర పడేస్తాం. మునగ కట్టె పొయ్యిలోకి కూడా పనికిరాదు. ఆ ఏడు అత్తగారు ఒక్కటి పారెయ్యనివ్వలేదు. చేతి మణికట్టంత లావున్నవి ఏరి, మూడేసి అడుగుల ముక్కలు చేయించి, నీడన నిలబెట్టించారు. మునగకి కొమ్మ పాతితే చాలు, వేరు పోసుకుంటుంది. మొదలు కిందికీ చివర పైకీ వుండాలి, అడుగు లోతు పాతాలి, అడుగున నీరు నిలవకూడదు. "ఏది మొదలో తెలిసేలా సున్నం బొట్టు పెట్టు. లేకపోతే తలకిందులుగా పాతుతారు" అన్నారు. పాలమ్మకి ఒకటి. వీధి మొదట్లో ఇస్త్రీ చేసుకునే దంపతులకి ఒకటి. పూజారిగారికి ఒకటి. ఎదుటి అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కి ఒకటి. పేరంటానికి పిలిచినట్టు ఎవరినీ మరవకుండా లెక్కపెట్టి పంచారు.

మల్లె తీగలది నా డ్యూటీ. నాలుగేసి కణుపులున్న ముక్కలు కత్తిరించి, పాల కవర్లలో ఇసకా మట్టీ నింపి, రెండు కణుపులు లోపలికి పోయేలా గుచ్చి, జామచెట్టు నీడన వరసగా పెట్టాను. ఇరవై నాలుగు కవర్లు. రోజూ కాసిని నీళ్ళు చిలకరించడం, ఆశగా వంగి చూడడం. కొన్ని నల్లబడి చచ్చిపోయాయి. పదకొండు బతికాయి.

ఇదంతా ఎందుకు చేస్తున్నారో ఆవిడ చెప్పలేదు, నేనడగలేదు. ఇల్లు పోతే పెరడు పోతుంది. పెరడు పోతే చెట్లు పోతాయి. కాని కత్తిరించిన కొమ్మ మాత్రం గోడ దాటి ముందే వెళ్ళిపోయింది. నిలబడి వున్న చెట్టుకి లేని వీలు దానికుంది. నాకర్థమైంది అంతవరకే.

భోగికి జామకొమ్మలు బాగా ఎండాయి. జామకర్ర గట్టిది, చాలాసేపు మండింది. మరిది పిల్లలు చుట్టూ చేరి చలి కాచుకున్నారు. పండగైపోయి హైదరాబాదు బయల్దేరుతుంటే మరిది కారు డిక్కీ తెరిచి, అటూ ఇటూ చూసి, "వదినా, ఆ మల్లె కవర్లు రెండు ఇలా ఇయ్యండి. బాల్కనీలో పెడతాను" అన్నాడు. పాత పేపర్లలో చుట్టి ఇచ్చాను. అత్తగారు చూడనట్టే చూశారు.

చైత్రం దాటేసరికి మల్లెలు ఎలా పూశాయనుకున్నారు! సాయంత్రం నాలుగింటికి కోయడం మొదలుపెడితే దీపాల వేళకి గాని అయ్యేది కాదు. దేవుడికి పోగా, నాకు పోగా, వీధిలో జడ వున్న ప్రతి ఆడపిల్లకీ పంపాం. ఒక రోజు మరిది ఫోనులో ఫోటో పంపాడు. తొమ్మిదో అంతస్తు బాల్కనీలో, బూట్ల స్టాండు పక్కన, మూరెడు మొక్కకి ఏడు మొగ్గలు. అత్తగారికి కళ్ళజోడు పెట్టి చూపించాను. వేలితో లెక్కపెట్టుకుని, "పాదు ఇరుకైంది, పెద్ద కుండీలోకి మార్చమను" అన్నారు. పొగడ్తలు ఆవిడ లెక్కలో మునగచెట్లు.

ఆ వేసవిలో ఫ్లాట్ల మాట ఎవరూ ఎత్తలేదు. మల్లెపూల వల్లనే అని నేనంటే మీరు నవ్వుతారు. బిల్డరు లెక్క కుదరలేదని మావారంటారు. రెండూ కొంత నిజమే అయివుంటాయి. ఇల్లు ఏళ్ళ తరబడి ఇలాగే వుంటుందని నేనేమీ అనుకోవడం లేదు. మొన్నటి వానల్లో అయిదోచోట కూడా గిన్నె పెట్టాల్సొచ్చింది.

మళ్ళీ మార్గశిరం వచ్చింది. ఈసారి అత్తగారు నిలబడలేకపోతున్నారు. మామిడి కింద కుర్చీ వేశాం. చూపు కూడా తగ్గింది. ఎండిందో బతికే వుందో తెలియని కొమ్మ వస్తే నేనే రెమ్మ వంచి ఆవిడ చేతికందిస్తాను. బొటనవేలి గోటితో బెరడు కాస్త గీరి, "ఏ రంగుంది?" అని అడుగుతారు. లోపల పచ్చగా వుంటే బతికున్నట్టు, వుంచాలి. గోధుమరంగుకి తిరిగితే తీసెయ్యాలి. ఇది మీరూ చేసి చూడండి. బయటికి ఎండుపుల్లల్లా కనిపించేవాటిలో ఎన్ని లోపల పచ్చగా వుంటాయో చూస్తే ఆశ్చర్యంగా వుంటుంది.

ఈ ఏడు కత్తి ఎవరూ అడగలేదు. మావారే తీసి, సాన పెట్టించుకొచ్చి, గుమ్మంలో పెట్టారు. పోయినవారం ఆ బిల్డరు మళ్ళీ ఫోను చేశాడు. లెక్క సవరించాడట. ఆయన నిచ్చెన మీద నుంచే మాట్లాడారు. "ఇప్పుడే కాదండీ. మల్లెలకి కత్తిరింపులు చేశాం, వేసవి వెళ్ళనివ్వండి, చూద్దాం" అన్నారు.

వేసవి వెళితే తొలకరి వస్తుంది. తొలకరి పడితే మామిడికి కత్తిరింపులుంటాయి. ఆ సంగతి నేనింకా ఆయనకి గుర్తుచెయ్యలేదు.